ఎనిమిదో వరస

తప్పు రాస్తే ఉమ్మితడితో తుడిచేసుకునే పలకలు
ఊళ్ళూళ్ళకూ పంపిన ఊరు మాది.
మార్కాపురంలో పుట్టి
తుడిస్తే పోని తప్పు ఒకటుంటుందని
యాభై రెండేళ్ళకు తెలిసొచ్చింది నాకు,
రెండు సూదుల మధ్య.

ఫాల్గుణం ముదరకముందే గడప కాలుతోంది.
వాకిట్లో కూర్చుని ఊలు అల్లుతుంటే
బిందెలతో పోయేవాళ్ళు ఆగి నవ్వుతారు:
"ఏందే నాగూరమ్మా, సూరీడికా స్వెట్టరు?"
సూరీడికి కాదు.
ఇరవై ఏడేళ్ళు గనిలో రాయి చీల్చి
ఆ పొడినే పీల్చిన మనిషికి.
ఒంగోలు ఆసుపత్రిలో ఫొటో తీసి చూపించారు,
రొమ్ములో ఎవరో బలపంతో గీసినట్టు తెల్లటి గీతలు.
వచ్చే చలికాలం ఛాతీ వెచ్చగా ఉంచమన్నారు.
అంతకు మించి ఏమీ చెప్పలా.

మా తాతలు దూదేకినవాళ్ళు.
నారి మోగిస్తే గడ్డకట్టిన పత్తి మబ్బయ్యేదంట.
విడదీయడమే మా ఇంటి విద్య.
కలపడం నేర్పింది పక్కింటి సువార్తమ్మ,
నర్సు పని మానేసినా చేతులు ఊరుకోని మనిషి.
"ఆరు కళ్ళు ఒక జడ.
మూడింటిని చిన్న పుల్లకెక్కించి ముందుకు వదిలెయ్.
వెనక మూడూ అల్లి, అప్పుడు వీటిని అందుకో.
ఎనిమిది వరసలకొక మెలిక. లెక్క తప్పమాక."

తప్పింది.
వీపు ముక్క సగమయ్యాక మంచం మీద పరిస్తే
నాలుగు జడల్లో ఒకటి
ఎడమకు వాలాల్సింది కుడికి వాలి ఉంది,
అలిగి తల తిప్పుకున్న పిల్లలాగా.
"అంతా పీకమాక" అని సువార్తమ్మ
ఆ ఆరు కళ్ళనే సూది మీంచి జార్చింది.
కడుపులో ఏదో జారింది నాకు.
పదహారు వరసల లోతున గాడి,
అడ్డంగా పోగులు నిచ్చెన మెట్లల్లే వేలాడతా.
అడుగున మెలిక సరిగ్గా తిప్పి
ఒక్కో మెట్టూ కొక్కేనికి తగిలించి ఎక్కించుకొచ్చా.
దీపాలేళకు పైకి చేరా.
తప్పు యాడుండిందో నాకే కనబడలా.

మర్నాడు ఆయన చూశాడు,
పలక అంచు సూటిగా ఉందో లేదో
ఒంటికన్నుతో పట్టే చూపుతో.
"ఈ మెలికకూ ఆ మెలికకూ ఎడం ఎక్కువుందే."
లెక్కపెట్టా. పదకొండు.
నిన్న బాగుచేసినదానికి ఇంకా కింద, నాలుగు జడలకూ.
దీనికి నిచ్చెన లేదు. మొత్తం దిగాల్సిందే,
నిన్నటి సాయంత్రంతో సహా.

ఎప్పుడట్టా పోయిందో గుర్తొచ్చింది.
కరెంటు పోయిన రాత్రి అది.
వరసలు లెక్కపెట్టాల్సిన నోటితో
దగ్గులు లెక్కపెట్టా.
చెప్పలా. ఆయన అడగలా.

సూదులు లాగేశా.
పోగు లాగితే వరస వెంట వరస బిరబిరా ఊడొచ్చింది.
ఆయన చేతికి చుట్టుకుంటా కూర్చున్నాడు,
పది చుట్లకొకసారి ఆగి, ఊపిరందుకుని.
ఊలు వంకర్లు వంకర్లుగా ఉంది,
తను యాడ కన్నయిందో ఇంకా మరిచిపోక.
అన్నం గిన్నె ఆవిరికి పడితే
మెల్లిగా మెత్తబడి సాగింది.
కాస్త గంజివాసన మిగిలింది, పోనీ.

మళ్ళీ మొదలు.
ఇప్పుడు లెక్క ఆయనది.
గోడకానుకుని, వరస తిరిగినప్పుడల్లా
పలక మీద ఒక గీత.
ఎనిమిదో గీతకు బలపం టక్కుమంటుంది: "మెలిక."
నేను తిప్పుతా. ఆయన తుడుస్తాడు.

అయిదో గీత కాడ దగ్గొచ్చింది.
సూదులు ఒళ్ళో పెట్టుకున్నా.
ఐసుబండి గంట వీధి మలుపు దాటిపోయింది.
ఎదురింటోళ్ళు దండెం మీద బట్టలన్నీ తీసేశారు.
తగ్గింది. నీళ్ళు తాగాడు.
పలక వంక చూసి
"అయిదు" అన్నాడు.
"అయిదే" అన్నా.